ముట్టుకోకుండా ఉంటే గెలిచేవారే

ప్రశ్న: అమెరికాలోని ఇర్వింగ్‌లో ఉంటున్న మా అబ్బాయి, 1993లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ గెలిచిన ఆటను ఒక్క ఆటగాడు చేజేతులా పోగొట్టాడని చెప్పాడు. ఎదుటి జట్టు కిక్‌ను అడ్డుకున్న తరువాత కూడా ఎలా ఓడిపోతారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: ఆ ఆట 1993 నవంబరు 25న, థాంక్స్‌గివింగ్ రోజున, ఇర్వింగ్‌లోనే, ఇప్పుడు కూల్చివేసిన టెక్సస్ స్టేడియంలో, మయామీ డాల్ఫిన్స్‌తో జరిగింది. ఆ స్టేడియం పైకప్పు ప్రేక్షకులను కాపాడేదే గాని మైదానాన్ని కప్పేది కాదు కనుక, ఆనాడు కురిసిన మంచు నేలపై పేరుకొని ఆటగాళ్ల కాళ్లు నిలవలేదు. డాలస్ 14-13తో ముందుంది. 15 సెకన్లు మిగిలి ఉండగా మయామీ కిక్కర్ పీట్ స్టోయనోవిచ్, గోల్ స్తంభాల మధ్య నుంచి వెళ్తే మూడు పాయింట్లు తెచ్చే కిక్‌ను 41 గజాల నుంచి కొట్టగా, డాలస్ ఆటగాడు జిమ్మీ జోన్స్ అడ్డుకున్నాడు.

అసలు కీలకం ఇక్కడే ఉంది. కిక్ కోసం బంతిని వెనక్కి అందించిన గీతను దాటి ముందుకు వెళ్లిన అలాంటి బంతిని కిక్ కొట్టిన జట్టు సొంతం చేసుకోలేదు. డాలస్ వారు దాన్ని వదిలేస్తే చాలు, బంతీ వారిదే, విజయమూ వారిదే. కానీ డాలస్ ఆటగాడు ఒక్కసారి ముట్టుకున్నాడంటే, అది ఎవరు పట్టుకుంటే వారిదైపోతుంది. ఈ సంగతి తెలిసిన సహచరులు బంతికి దూరంగా ఉండగా, లియాన్ లెట్ పరుగున వచ్చి, మంచులో జారుతూ, కాలితో దాన్ని తాకాడు. డాలస్ గోల్ గీతకు ఒక గజం దూరంలో మయామీ ఆటగాడు జెఫ్ డెలెన్‌బాక్ దానిపై పడ్డాడు. ఇంకా 3 సెకన్లు మిగిలాయి. స్టోయనోవిచ్ ఈసారి 19 గజాల నుంచి గురి తప్పకుండా కొట్టడంతో మయామీ 16-14తో గెలిచింది.

లెట్‌ను తెలివితక్కువవాడిగా చిత్రించడం నాకు అన్యాయంగా తోస్తుంది. నేలపై దొర్లే బంతి కనబడితే దూకి పట్టాలన్నదే రక్షణ పంక్తి ఆటగాడికి అలవాటైన పాఠం. దానికి పూర్తిగా విరుద్ధంగా నడుచుకోవలసిన ఇలాంటి క్షణం అతనికి ఎంతో అరుదుగా ఎదురవుతుంది. పైగా డాలస్ ఆ సీజన్‌లో మళ్లీ ఓడకుండా సూపర్ బౌల్ అనే చివరి టైటిల్ పోరు గెలవగా, మయామీ మిగిలిన ఐదు ఆటలూ ఓడిపోయింది.

ప్రశ్న: అడ్డుకున్న బంతిని కిక్కరే పట్టుకుంటే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: బంతి పైన చెప్పిన గీతకు వెనుకనే ఉంటే అతను దానితో పరుగెత్తవచ్చు, విసరనూ వచ్చు. 1973 జనవరి 14న జరిగిన సూపర్ బౌల్‌లో, 14-0తో ముందున్న మయామీ కిక్కర్ గారో యెప్రేమియన్ అదే చేయబోయాడు. బంతిపై పడిపోతే సరిపోయేది. విసరబోతే అది చేయి జారి గాలిలోకి లేచింది. వాషింగ్టన్ ఆటగాడు మైక్ బాస్ అందుకొని 49 గజాలు పరుగెత్తి, బంతితో గోల్ గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. చివరికి మయామీయే 14-7తో గెలిచి, ఆ సీజన్‌లోని 17 ఆటలనూ ఓటమి లేకుండా ముగించింది. వాషింగ్టన్‌కు ఆనాడు దక్కిన పాయింట్లన్నీ ఆ ఒక్క పొరపాటు వల్ల వచ్చినవే.