మొదటి దెనారియస్ కొనేముందు

ఒరేయ్ చిన్నా,

లండన్ షాపులో చూశానని నువ్వు ఫొటో పంపిన డొమిషియన్ చక్రవర్తి దెనారియస్, అదే రోమన్ల వెండి నాణెం, బాగుంది, కానీ రెండు ముఖాలే ఫొటో తీశావు, అంచు ఏదిరా? నేను మొదట కొన్నదీ ఇలా మినర్వా దేవత బొమ్మ ఉన్నదే. ఈటె, డాలు పట్టుకున్న అమ్మవారిని చూసి మురిసిపోయి అక్కడికక్కడే డబ్బిచ్చేశాను. ఇంటికొచ్చి లైటు కింద తిప్పితే అంచు చుట్టూ కజ్జికాయ అతుకులా సన్నటి గీత, పోతపోసిన నకిలీ. రోమన్లు ఈ వెండి నాణేల్ని పోతపోయలేదు, బిళ్ళను రెండు ముద్రల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవాళ్ళు, అందుకని అంచు కాస్త పగిలినా బొమ్మ ఓ పక్కకి జరిగినా కంగారు పడకు.

తూకం అడుగు. నీరో చక్రవర్తి క్రీ.శ. 64లో బరువు తగ్గించాక దెనారియస్ సుమారు 3.4 గ్రాములు, అరిగినా 3 దరిదాపుల్లో ఉండాలి. మరీ తేలికైతే లోపల రాగి, పైన వెండి తొడుగు కావచ్చు, ఆ మోసం రోమన్ల కాలంలోనే ఉంది!

దేవతల్ని పోల్చాలంటే చేతిలో ఏముందో చూడు, మనం శంఖచక్రాలు చూసి విష్ణుమూర్తి అన్నట్టే. చుక్కాని ఉంటే ఫోర్చునా, పాముకు తినిపిస్తుంటే సాలస్, త్రాసు పడితే మొనేటా. రోమ్‌లో కాపిటోలైన్ గుట్ట మీద జూనో మొనేటా గుడి పక్కనే టంకశాల ఉండేది, మనీ, మింట్ అనే మాటలు ఆవిడ పేరులోంచే వచ్చాయి. క్రీ.పూ. 46లో టంకశాల అధికారి టైటస్ కారిసియస్ వేయించిన దెనారియస్‌కు ఒకవైపు ఆవిడ తల, రెండోవైపు సుత్తి, పట్టకారు, దాగలి. అది దొరికితే చెప్పు, సగం డబ్బు నాది.

మొదటిసారికి సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి కాలంవి చూడు, చాలా దొరుకుతాయి, చవక. కొన్నాక తోమకు. మీ పెద్దమ్మ ఓసారి పూజ సామాన్లతో పాటు నాదొకటి విభూతితో తళతళలాడించింది, ఆ రోజు నేను అన్నం తినలేదు.

పండక్కి వచ్చేటప్పుడు వెంట తేకు. నూరేళ్ళు దాటిన నాణెం మన 1972 పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువు, మళ్ళీ దేశం దాటించడం తలనొప్పి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల దెనారియస్‌లు వెయ్యికి పైగా బయటపడ్డాయి గనక, ఇక్కడ ఎవడైనా మా పొలంలో దొరికిందంటే నమ్మాలనిపిస్తుంది, కానీ అలాంటిది సర్కారుకు చెప్పాల్సిందే, మనం కొనకూడదు.

అంచు ఫొటో, తూకం పంపు. అప్పటిదాకా అడ్వాన్సు కూడా ఇవ్వకు.

పెదనాన్న