కాంటా ముచ్చట్లు: మీరడగండ్రి, నేను చెప్త

ఈ నెల వచ్చిన ఉత్తరాలల్ల సగం ఒకటే మాట, "కాంటాకు కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉన్నది సార్, అయినా లెక్క కలుస్తలేదు" అని. సర్టిఫికెట్ ఫైల్ల పెట్టుడు వేరే, తీసి చదువుడు వేరే, మనోళ్లు మొదటిది మస్తుగ చేస్తరు. సరే, ముచ్చట్లకు పోదాం.

నల్లగొండ పక్కన జడ్పీ హైస్కూల్‌ల ఫిజిక్స్ చెప్తనండి. ప్యారిస్ దగ్గర ప్లాటినం దిమ్మ ఉంటది, అదే కిలో అని నేను చదువుకున్న, పిల్లలకు కూడా అదే చెప్పిన. మొన్న ఎనిమిదో తరగతి పోరడు లేచి "టీచర్, ఆ దిమ్మ ఇప్పుడు కిలో కాదట గదా" అన్నడు. నిజమేనా? మరి కిలో అంటే ఏందని చెప్పాలె?

పోరడు చెప్పింది కరెక్టే టీచరమ్మా. 2019 మే 20 నుంచి ఆ దిమ్మ రిటైరయింది. ప్యారిస్ పక్కన సెవ్ర్ అనే ఊర్ల ఉన్నది అది, 90 శాతం ప్లాటినం, 10 శాతం ఇరిడియం, ఎత్తు 39 మిల్లీమీటర్లు, వెడల్పు కూడా అంతే, అరచేతిల పట్టేంత. 1889 నుంచి 130 ఏండ్లు లోకమంతా దాన్నే కిలో అనుకున్నది. మన దేశానికి వచ్చిన నకలు నంబర్ 57, అది ఢిల్లీల నేషనల్ ఫిజికల్ లాబొరేటరీల ఉంటది.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, నకళ్లన్నీ తెచ్చి అసలు దిమ్మతోని పోల్చి చూస్తే వందేండ్లల్ల 50 మైక్రోగ్రాముల దాకా తేడాలు వచ్చినయి. 50 మైక్రోగ్రాములంటే వేలిముద్ర అంటుకున్న జిడ్డంత, కానీ పెరిగింది నకలా, తరిగింది అసలా అని చెప్పేటోడు లేడు. మీ పిల్లలకు ఇట్ల చెప్పుండ్రి: ఊరంతటికీ అసలు మానిక ఒక్కటే, అది పటేలింట్ల ఉన్నదనుకుందాం. ఒకనాడు అది కిందవడి సొట్ట వోయింది. ఇగ ఊర్ల ఉన్న మానికలన్నీ తప్పయినయి, పటేలు మానిక మాత్రం ఎప్పటికీ కరెక్టే, ఎందుకంటే కరెక్ట్ అంటేనే అది గదా. పిల్లలు నవ్వుతరు గని మర్చిపోరు.

అందుకే 2018 నవంబర్ 16న వెర్సాయ్‌ల దేశాలన్నీ కూసొని ఓటేసి, వస్తువును పక్కకు పెట్టి, ప్రకృతిల ఎక్కడైనా ఒకే తీరు ఉండే ప్లాంక్ స్థిరాంకం అనే అంకెకు ఒక విలువ కట్టేసినయి, 6.62607015 అని మొదలై పక్కన పది టు ది పవర్ మైనస్ 34 ఉంటది, ఇగ అది మారదు. దాంట్ల నుంచి కిలో తీసే మిషన్ పేరు కిబుల్ బ్యాలెన్స్, బ్రయాన్ కిబుల్ అనే ఆయన పేరు మీద. కాంటాకు ఒక దిక్కు బరువు పెడుతరు, ఇంకో దిక్కు బాట్లు ఉండవు, అయస్కాంతం మధ్యల తీగచుట్ట ఉంటది, దాంట్లకు కరెంటు పంపితే అది గుంజి బరువును ఆపుతది. ఎంత కరెంటుకు ఆగిందో చూసుకుంటరు, తర్వాత బరువు తీసేసి అదే తీగచుట్టను కిందికి మీదికి కదిపి ఎంత వోల్టేజీ పుట్టిందో చూస్తరు. ఈ రెండూ కలిపితే బరువు ప్లాంక్ స్థిరాంకంల తేలుతది. ఆ రూంల భూమ్యాకర్షణ ఎంతున్నదో కూడా పక్కాగా కొలవాలె, లేకుంటే అంతా వేస్టు.

ఒక ముచ్చట మీకోసం మాత్రమే, పిల్లలకు అక్కర్లేదు. ఇట్ల కిలో తీసే దేశాలు కొన్నే, వాళ్ల జవాబులు కూడా ఒకదానితోని ఒకటి పూర్తిగా కలుస్తలేవు, అందుకని అందరివీ కలిపి ఒక ఉమ్మడి విలువ తీసి దాన్నే వాడుతున్నరు, దాని అనిశ్చితి 20 మైక్రోగ్రాములు. అంత పెద్ద సైంటిస్టులే "మా జవాబుకు ఇంత అటూఇటూ ఉంటది" అని రాసి సంతకం పెడుతుంటే మనం నోట్‌బుక్కుల 5.00 అని రాసి కింద రెండు గీతలు కొడుతం.

క్లాసుల చేయడానికైతే ఒక బత్తాయి, వంటింట్ల పెట్టుకునే డిజిటల్ కాంటా చాలు, నల్లగొండల బత్తాయికి కరువా. పదిమందిని పిలిచి ఒక్కొక్కరితోని తూకం వేపియ్యండ్రి, పక్కోడు రాసింది చూడకుండ రాయాలె. తర్వాత పండును నడుమ కాకుండ మూలకు పెట్టియ్యండ్రి, కాంటా కింద ఒక దిక్కు మడత కాగితం పెట్టియ్యండ్రి, ఫ్యాన్ ఏసి ఒకసారి, బంద్ చేసి ఒకసారి. 183, 184, 183, 186... మరి బత్తాయి బరువు ఎంత అని అడగండ్రి. ఆ గొడవ అరగంట నడుస్తది, నడవనీయండ్రి.

మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల గుమస్తాను. వడ్లు కొనే సెంటర్ల 40 కిలోలు తూగిన బస్తా మా కాంటా మీద 39 కిలోల 700 వస్తది. రెండింటికీ తూనికల కొలతల శాఖ ముద్ర ఉన్నది. ఢిల్లీల తయారైన కాంటా మన దగ్గర తక్కువ చూపిస్తదని ఒకాయన చెప్పిండు, అది నిజమా లేక మమ్ముల ఎర్రోళ్లను చేస్తుండా?

ఆయన చెప్పింది నిజమే అన్నా, కానీ మీ 300 గ్రాములకు అది జవాబు కాదు.

ఎలక్ట్రానిక్ కాంటా లోపల లోడ్‌సెల్ ఉంటది, అది బరువు ఎంత ఒత్తుతుందో చూస్తది తప్ప అసలు పదార్థం ఎంతున్నదో దానికి తెల్వదు. భూమి గుంజుడు అన్ని చోట్ల ఒకే తీరు ఉండదు, భూమధ్యరేఖ దిక్కు తక్కువ, ధ్రువాల దిక్కు ఎక్కువ. ఢిల్లీకి, నల్లగొండకు లెక్క కడితే సుమారు 0.075 శాతం తేడా వస్తది. అంటే ఢిల్లీల సెట్ చేసిన కాంటాను ఇక్కడ మళ్లా బాట్లు పెట్టి సరిచేయకుండ వాడితే 40 కిలోల బస్తా మీద 30 గ్రాములు తక్కువ చూపిస్తది. పాత త్రాసుకు ఈ రంది లేదు, రెండు దిక్కులా భూమి ఒకే తీరుగ గుంజుతది.

ఇగ చట్టం లెక్క చూద్దాం. 100 కిలోల కాంటా, 10 గ్రాముల మెట్టుతోనిదైతే, అంటే అంకె 10 గ్రాములకోసారి మారేదైతే, 40 కిలోల దగ్గర ముద్ర వేసేటప్పుడు ప్లస్ మైనస్ 15 గ్రాములు తప్పు ఉండొచ్చు. రెండు మంచి కాంటాలే ఒకటి అటు, ఒకటి ఇటు ఉంటే 30 గ్రాములు తేడా వస్తది, దాన్ని పట్టుకొని లొల్లి చేయొద్దు. 300 అంటే మాత్రం ఎక్కడనో ఏదో అయ్యింది.

నేనైతే ఇట్ల చూస్త. ముందు మీ కాంటా కింద నీళ్ల బుడగ ఉంటది చూడుండ్రి, అది నడుమ ఉన్నదా. తర్వాత ఒకటే బస్తాను ప్లాట్‌ఫారం నాలుగు మూలలకు జరిపి తూయుండ్రి, మూలమూలకు అంకె మారుతుంటే లోడ్‌సెల్‌ను అనుమానించాలె. ప్లాట్‌ఫారం కింద చెయ్యి పెట్టి చూడుండ్రి, మిల్లులల్ల నేను చూసిన కేసులల్ల ఎక్కువ శాతం ఊక, గింజలు గట్టిగ ఇరుక్కొని అది కిందికి దిగకుండ ఆపినయే. ఇవన్నీ సరిగుంటే రెండు కాంటాల దగ్గరికీ ఒకే 20 కిలోల ముద్ర బాట్లు రెండు తీస్కపోయి పెట్టండ్రి, ఏది తప్పో అదే చెప్తది. బాటు తిప్పి చూస్తే గుంతల సీసం పోసి దాని మీద ముద్ర కొట్టి ఉంటది, సీసం లేకుంటే ఆ బాటు ఎంత కొత్తగ మెరిసినా పక్కన పెట్టుండ్రి. ఎలక్ట్రానిక్ కాంటాకు ముద్ర 12 నెలలకోసారి, బాట్లకు 24 నెలలకోసారి.

ఇంకొకటి, బస్తా సెంటర్ల ఎప్పుడు తూగింది, మీ దగ్గరికి ఎప్పుడొచ్చింది? ఎండల మూడు రోజులు లారీ మీద ఉంటే వడ్లల్ల తేమ పోతది. తేమ ఒక్క శాతం దిగితేనే 40 కిలోల మీద సుమారు అర కిలో పోయినట్టు. కాంటాను తిట్టే ముందు తేమ మిషన్ల రెండు దిక్కులా అంకెలు అడగండ్రి. ఆ మిషన్ గురించి వేరేగ ఒకసారి రాస్త, దాని కథ పెద్దది.

జడ్చర్ల దగ్గర ఫార్మా కంపెనీల కాలిబ్రేషన్ టెక్నీషియన్‌ను సార్, జాయినై ఎనిమిది నెలలు. మొన్న ఆడిటర్ "ఈ బ్యాలెన్స్ కాలిబ్రేషన్‌కు ఏడాది గడువు ఎందుకు పెట్టిన్రు" అంటే "ఐఎస్ఓ 17025ల ఉన్నది సార్" అన్న, ఆయన నవ్విండు. ఎందుకు నవ్విండు?

ఎందుకంటే అందులో లేదు తమ్మీ. ఐఎస్ఓ 17025 అంటే టెస్టింగ్, కాలిబ్రేషన్ ల్యాబ్‌లు ఎట్ల నడవాలెనో చెప్పే ప్రమాణం, దాని 2017 ఎడిషన్ మొత్తం తిరగేసినా ఏడాది అన్న మాట దొరకది. పైగా కస్టమర్ ఒప్పుకుంటే తప్ప లేబుల్ మీద, సర్టిఫికెట్ మీద తర్వాతి గడువు రాయొద్దని ల్యాబ్‌కు రూల్ ఉన్నది. గడువు పెట్టుకునుడు మీ పని. పోయిన మూడు నాలుగు సర్టిఫికెట్లు పక్కపక్కన పరిచి, ఏటేటా ఎంత జరిగిందో చూసి, అది మీకు నడిచే హద్దుల ఉన్నదా లేదా అని చూసుకొని పెట్టుకోవాలె. జరగకపోతే గడువు పెంచొచ్చు, జరుగుతుంటే ఆర్నెల్లకు దించాలె.

కాలిబ్రేషన్ అంటే సరిచేసుడు అని కూడా అనుకోకు, అది తప్పు ఎంతున్నదో చెప్పుడు మాత్రమే. సరిచేస్తే దానికి ముందు అంకెలు వేరే, తర్వాత అంకెలు వేరే రాయాలె, ముందువి రాయకుండ సరిచేసిన్రంటే పోయిన ఏడాది తూకాలు ఎట్లున్నయో ఇగ ఎవడూ చెప్పలేడు.

నాది ఒక ముచ్చట చెప్త. కొత్తల ఒక కంపెనీల చేసిన, పేరొద్దు. బ్యాలెన్స్ సర్టిఫికెట్ రాంగనే చివరి పేజీల సంతకం, స్టాంపు చూసి ఫైల్ల గుద్దిన. రెండో పేజీల 100 గ్రాముల దగ్గర 30 మిల్లీగ్రాములు తక్కువ చూపిస్తుందని టేబుల్ల సాఫ్‌గ ఉన్నది, మేము పట్టుకోవాల్సిన హద్దు 10. నాలుగు నెలలైనంక మా సూపర్‌వైజర్ వేరే దేనికోసమో ఫైల్ తీస్తే బయటపడ్డది. ఆ నాలుగు నెలల తూకాలన్నీ లాగ్‌బుక్కులకెళ్లి తీసి మళ్లా లెక్క కట్టినం, రెండు రాత్రులు ఇంటికి పోలే, క్యాంటీన్ల ఉప్మానే దిక్కు. అప్పటిసంది నేను సర్టిఫికెట్ చేతికొస్తే ముందు ఆ టేబులే చూస్త, సంతకం ఎవనిదైతే నాకేంది.

మర్రిగూడ దిక్కు నీళ్ల టెస్టింగ్ చేస్త అన్నా. ఒక బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.42 మిల్లీగ్రాములు వచ్చింది, హద్దు 1.5 గదా, పాస్ అని రాసిన. పెద్దసారు రాయొద్దన్నడు. మా అనిశ్చితి 0.12 ఉంటది.

సారు చెప్పింది ఆలోచించాల్సిందే చెల్లె. 1.42కు 0.12 కలిపితే 1.54. అంటే అసలు విలువ హద్దు దాటి ఉండే అవకాశం చిన్నదే గని ఉన్నది. ఇట్లాంటప్పుడు పాస్ అనాల్నా, ఫెయిల్ అనాల్నా అన్నది రిజల్ట్ వచ్చినంక కూసొని తేల్చుకునేది కాదు, ముందే ఒక రూల్ రాసి పెట్టుకోవాలె, దాన్నే డెసిషన్ రూల్ అంటరు, రిపోర్టుల కూడా చెప్పాలె. బియ్యం మూట కాదు ఇది, నల్లగొండ నీళ్లు, వంగిన కాళ్లు చూసిన ఊర్లు మనవి. నేనైతే ఇక్కడ అనిశ్చితి కలిపి కూడా హద్దు లోపల ఉంటేనే పాస్ అంట. ఇంకొకటి, మన ప్రమాణంల అసలు కోరుకునేది 1.0, వేరే నీళ్లే లేనప్పుడు ఓర్చుకునే హద్దు 1.5, ఆ రెండూ రిపోర్టుల రాయి.

పటిక వేసి శుద్ధి చేసిన నీళ్లు వస్తే మాత్రం రెండింతలు జాగ్రత్త. నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే, మన జిల్లా పేరు మీద ఉన్న నల్లగొండ టెక్నిక్‌ల పటిక, సున్నమే గదా వాడేది. నీళ్లల్ల మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను గట్టిగ పట్టుకొని ఉంటది, ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌కు విడిగ ఉన్న ఫ్లోరైడే కనబడుతది, దాంతోని రీడింగ్ ఉన్నదానికంటే తక్కువొస్తది, నీళ్లు మంచిగైనయని మనం సంబరపడుతం. అందుకే కొలిచే ముందు శాంపిల్ల టిస్యాబ్ బఫర్ అనే ద్రావణం కలిపేది, అందులో సీడీటీఏ అనే రసాయనం ఉన్నదే తీసుకో, అది అల్యూమినియంను పట్టుకొని ఫ్లోరైడ్‌ను విడుస్తది. స్టాండర్డ్ ద్రావణాలు, శాంపిల్ ఒకే వేడి మీద ఉండాలె, ఫ్రిజ్‌ల నుంచి స్టాండర్డ్ తీసి మే నెల ఎండల ఉన్న శాంపిల్ పక్కన పెట్టి కొలవకు. గాజు సీసాలు బంద్, ప్లాస్టిక్‌వే.

గద్వాల నుంచి. తులం అంటే 10 గ్రాములా, 11.66 ఆ? మా అమ్మమ్మ గొలుసు ఐదు తులాలని కాగితం ఉన్నది, షాపోడు 58 గ్రాములు అంటుండు.

కాగితం కరెక్టే, షాపోడు కూడా కరెక్టే. పాత తులం 11.66 గ్రాములు, ఐదుకు 58.3. ఇప్పుడు షాపులల్ల తులం అంటే 10 గ్రాములు అనుకుంటున్నరు. ఈ కాలం తులాలల్ల అయితే మీ అమ్మమ్మ గొలుసు దగ్గర దగ్గర ఆరు తులాలు, కాబట్టి ఐదు తులాల ధర ఇస్తనంటే ఒప్పుకోకుండ్రి, గ్రాములల్లనే మాట్లాడుండ్రి.

మహబూబ్‌నగర్ పాలిటెక్నిక్ స్టూడెంట్‌ను. మెట్రాలజీ, అంటే కొలతల శాస్త్రం దిక్కు పోదామనుకుంటున్న అంటే మా నాయిన "వానలు చెప్పే నౌకరీనా" అన్నడు. దీంట్ల కొత్తగ ఏమన్న జరుగుతుందా, లేక అంతా పాతదేనా?

వానలు చెప్పేది మీటియరాలజీ బాబూ, మీ నాయినదే కాదు, చానామంది పరిస్థితి ఇదే, నన్ను కూడా మా ఊర్ల ఈసారి కాలమెట్లుంటదని అడుగుతరు.

కొత్తది లేకేం. 1875 మే 20న ప్యారిస్‌ల 17 దేశాలు మీటర్ ఒప్పందం మీద సంతకం పెట్టినయి, 2025కు 150 ఏండ్లు నిండినయి, ఏటా మే 20ని కొలతల దినమని చేసుకునేది అందుకే. 2022ల పెద్ద సంఖ్యలకు రోన్నా, క్వెట్టా అని, చిన్నవాటికి రోంటో, క్వెక్టో అని కొత్త పేర్లు పెట్టిన్రు, రోన్నా అంటే ఒకటి పక్కన 27 సున్నాలు, భూమి బరువు ఇప్పుడు సుమారు 6 రోన్నాగ్రాములు. అప్పుడే, గడియారాలను భూమి తిరుగుడుతోని కలపడానికి అప్పుడప్పుడు కలిపే లీప్ సెకండ్‌ను కూడా 2035 లోపల పక్కకు పెట్టాలని తీర్మానం చేసిన్రు. సెకండ్‌నే మార్చే పని నడుస్తుంది ఇప్పుడు, ఇప్పుడు సెకండ్‌కు ఆధారమైన సీజియం గడియారాలకంటే కాంతితోని నడిచే గడియారాలు ఇంకా పక్కాగా ఉన్నయి, 2030ల దేశాలన్నీ కూసొనే కొలతల సభల తేలొచ్చు అంటున్నరు.

నౌకరీ సంగతికొస్తే ముందు ఇన్‌స్ట్రుమెంటేషన్ గట్టిగ చదువు, స్టాటిస్టిక్స్ ఒక పుస్తకం పూర్తిగా చెయ్, అందరూ దాన్నే ఎగ్గొడుతరు. ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ దగ్గర గుర్తింపు ఉన్న ల్యాబ్‌ల ఆర్నెల్లు అప్రెంటిస్ దొరికితే జీతం చూడకుండ పో. ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ వాళ్లు ట్రైనింగ్ కోర్సులు కూడా పెడుతుంటరు. మీ నాయినకు మాత్రం పెట్రోల్ బంకు తీస్కపోయి చెప్పు, అక్కడ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలత పాత్ర ఉంటది, అడిగితే పోసి చూపియ్యాలె, 25 మిల్లీలీటర్లకంటే ఎక్కువ తక్కువొస్తే ఆ పంపు తప్పు. ఆ పాత్ర కరెక్టని చెప్పేటోడి నౌకరీ నాయినా ఇది అని చెప్పు.