జాపియన్: గుండ్రటి మండువా, గోడలో శిరస్సు

ప్రశ్న: ఏథెన్స్‌లో మాకు ఒక్క పూటే ఉంటుంది. నేషనల్ గార్డెన్‌లోని జాపియన్ భవనాన్ని లోపల కూడా చూడనిస్తారా? టికెట్ ఎక్కడ తీసుకోవాలి? — ఒక పాఠకురాలు

జవాబు: జాపియన్ మ్యూజియం కాదు, టికెట్ కౌంటర్ వెతక్కండి. సదస్సులకూ ప్రదర్శనలకూ ఇచ్చే మందిరమది. లోపల ఏదైనా సభ ఉంటే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ముందురోజే వాళ్ల వెబ్‌సైట్‌లో కార్యక్రమాలు చూసుకోండి. ఏమీ లేని రోజైతే ద్వారం దగ్గర మర్యాదగా అడిగి చూడొచ్చు.

లోపలికి వెళ్లనిస్తే తిన్నగా నడిమికి నడవండి. అక్కడుంది అసలు సంగతి: గుండ్రటి మండువా. పైన ఆకాశం, చుట్టూ అయోనిక్ (తలమీద చుట్టలు తిరిగిన గ్రీకు శైలి) స్తంభాల వరస. మన మండువా లోగిలి నలుచదరంగా ఉంటుంది, ఇది చక్రంలా గుండ్రంగా ఉంటుంది. 1979 మే 28న గ్రీస్ యూరోపియన్ కమ్యూనిటీలో (నేటి యూరోపియన్ యూనియన్‌కు ముందున్న కూటమి) చేరే ఒప్పందంపై సంతకాలు జరిగింది ఈ భవనంలోనే. దీనికి డబ్బిచ్చిన ఎవాంగెలోస్ జపాస్ చనిపోయాక ఆయన శిరస్సును ఇక్కడి గోడలోనే భద్రపరిచారు. దాని మీద శాసన ఫలకం ఉంది. తెలియనివాళ్లు దాన్ని దాటుకుంటూ వెళ్లిపోతారు.

ప్రశ్న: ఎటునుంచి వెళ్తే మంచిది? ఫొటోలకు ఏ వేళ బాగుంటుంది?

జవాబు: సింటాగ్మా మెట్రోలో దిగి, పార్లమెంటును ఎడమచేతికి ఉంచుకుని అమలియాస్ వీధి వెంట దక్షిణానికి పది నిమిషాల నడక. తోటలోంచి వెళ్తే నీడ ఎక్కువే గానీ, తేలేది భవనం వెనకవైపు. చాలామంది ఆ వెనకగోడనే ఫొటో తీసుకుని 'ఇంతేనా' అనుకుంటారు. చుట్టూ తిరిగి ముందుకు రండి. ఎనిమిది కొరింథియన్ (తలమీద ఆకులు చెక్కిన గ్రీకు శైలి) స్తంభాల ముఖమండపం అటే ఉంది. మెట్లకు ఆనుకుని నిలబడితే కెమెరాలో పట్టదు, ఫౌంటెన్ దాకా వెనక్కి జరగాలి. వేసవి మిట్టమధ్యాహ్నం రాయి మెరుపుకు కళ్లు చెదురుతాయి, స్తంభాల మీది నిలువు గాడులు కనబడవు. సూర్యుడు పక్కకు వాలాక ఒక్కో గాడిలో నీడ పడుతుంది. తోట గేట్లు మాత్రం సూర్యాస్తమయానికే మూసేస్తారు, జాగ్రత్త.

ప్రశ్న: ఇది ప్రాచీన కట్టడమేనా?

జవాబు: కాదు. 1874లో పని మొదలై 1888లో తెరిచారు. తుది రూపమిచ్చిన వాస్తుశిల్పి థియోఫిల్ హాన్సెన్ వియన్నా పార్లమెంటునూ కట్టాడు. 1896 ఒలింపిక్స్‌లో కత్తిసాము పోటీలు ఇక్కడే జరిగాయి.

ప్రాచీనం చూడాలంటే రోడ్డు దాటండి. ఒలింపియన్ జ్యూస్ (గ్రీకుల దేవరాజు) ఆలయంలో 104 స్తంభాలకు 15 నిలిచి ఉన్నాయి. 1852లో గాలివానకు కూలిన మరో స్తంభం చక్రాలుగా తరిగిన అరటిదూటలా నేలమీద పరుచుకుని ఉంది. అవీ కొరింథియన్‌వే. జాపియన్ స్తంభాల తలమీది ఆకుల చెక్కడం ముందు చూసి, ఆ వెంటనే వీటిని చూడండి. కాపీ ఎంత శుభ్రంగా ఉందో, అసలు ఎంత అరిగిందో ఇట్టే తెలుస్తుంది. ఆలయానికి మాత్రం టికెట్ ఉంది.