నూనె సీసా మీద రాసిన తేదీ

"ఆరు నెలలుగా రోజూ పొద్దున్నే గంట నడుస్తున్నాను. ఒక్క కిలో కూడా తగ్గలేదు. ఈ నడక అంతా దండగేనా?" అని అడిగారు.

దండగ కాదండి. ముందే ఈ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే సరిగ్గా ఈ నిరాశలోనే చాలామంది బూట్లు మూలన పడేస్తారు. నేనూ ఒకసారి పడేశాను. మీరు దయచేసి ఆ పని చేయకండి. నడక చేసే పని నడక చేస్తోంది. బరువు తగ్గకపోవడానికి కారణం మాత్రం వంటింట్లో వెతకండి.

నాకిప్పుడు 48 ఏళ్లు. ఏడేళ్ల క్రితం 86 కిలోలుండేవాణ్ణి. బీపీ చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు గారు "బరువు తగ్గండి" అని రెండు ముక్కలు చెప్పి చీటీ చేతిలో పెట్టారు. ఎలా తగ్గాలో అడిగేలోపే తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశాడు. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మాత్ర రాసేటప్పుడు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని విడమర్చి చెప్పేవాళ్లు, తిండి దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యంతో ఎందుకు సరిపెడతారు?

దాంతో నాకు తోచినట్టు మొదలుపెట్టాను. ఎవరో పంపిన 1,200 కెలోరీల డైట్ చార్టు ఒకటి ఫోన్‌లో ఉంటే దాన్నే పట్టుకున్నాను. మొదటి వారంలో మూడు కిలోలు దిగింది. ఇంట్లో అందర్నీ పిలిచి మరీ కాటా చూపించాను. అది కొవ్వు కాదని అప్పుడు నాకు తెలియదు. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే నిల్వ అర కిలో దాకా ఉంటుంది. దాని ప్రతి గ్రాముకూ మూడు గ్రాముల నీళ్లు అంటుకుని ఉంటాయి. తిండి ఒక్కసారిగా తగ్గించేస్తే ముందు ఆ నిల్వ ఖర్చయి, నీళ్లు బయటికి పోతాయి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కెలోరీల లోటు పడాలి. మూడు కిలోల కొవ్వు వారంలో పోవాలంటే రోజుకు 3,300 లోటు కావాలి. నేను పచ్చి మంచినీళ్లతో ఉన్నా అంత లోటు రాదు. అయినా ఆ మూడు కిలోలు చూసి ఎంత పొంగిపోయానో!

పది వారాల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. ఆ పది వారాలూ ఇంట్లోవాళ్లు నాతో ఎలా వేగారో వాళ్లకే తెలియాలి. రాత్రి ఒంటిగంటకు మెలకువ వచ్చేది. తిండి తప్ప ఇంకో ఆలోచన ఉండేది కాదు. మా అమ్మాయి లెక్క చెప్పమని పుస్తకం పట్టుకొస్తే విసుక్కున్నాను. ఆ పిల్ల మారు మాట్లాడకుండా పుస్తకం మూసుకుని వెళ్లిపోయింది. తగ్గిన తొమ్మిది కిలోలూ మర్చిపోయాను గానీ ఆ పుస్తకం మూసిన చప్పుడు మర్చిపోలేదు.

చాలా రోజుల తర్వాత ఒక విషయం చదివాను. 1944-45లో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, తమంతట తాము ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల్ని ఆరు నెలలు అరకడుపు తిండి మీద ఉంచాడు. వాళ్లలో కొందరు వంటల పుస్తకాలు పోగేసుకోవడం మొదలుపెట్టారు. పళ్లేలు నాకారు. చీటికీమాటికీ చిరాకుపడ్డారు, దిగులుపడ్డారు. వాళ్లకు ఇచ్చింది రోజుకు దాదాపు 1,570 కెలోరీలు. నా చార్టులో ఉన్నదానికంటే ఎక్కువ! అది చదివాకే నా మీద నాకున్న కోపం పోయింది. నాలో పట్టుదల లేక కాదు, ఆకలితో ఉన్న ఏ మనిషైనా అలాగే అవుతాడు.

ఏడాది తిరిగేసరికి 88కి చేరాను. పోయినవన్నీ వచ్చాయి, ఇంకో రెండు తోడు తెచ్చుకున్నాయి. అందుకే ఎవరైనా "ముందు, తర్వాత" అంటూ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే మూడో ఫోటో కూడా పెట్టమని అడగాలనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత ఎలా ఉన్నారో ఎవరూ చూపించరు.

ఇక అసలు సంగతి. మా అమ్మకు కంట్లో శుక్లాల ఆపరేషన్ అయింది. కంట్లో వేసే చుక్కల మందు సీసా తెరిచిన నాలుగు వారాలకు పారేయాలని చెప్పారు. అమ్మ మరిచిపోకుండా సీసా మీద పెన్నుతో తేదీ రాసుకుంది. ఆ అలవాటు అక్కడితో ఆగలేదు. తేనె సీసా మీద తేదీ, దగ్గు మందు మీద తేదీ, చివరికి లీటరు నూనె సీసా మీద కూడా వంకర అక్షరాలతో తేదీ రాసింది. ఒక శనివారం ఖాళీ నూనె సీసా చెత్తబుట్టలో వేయబోతూ ఆ అంకెలు చూశాను. సోమవారం తెరిచిన సీసా అది.

ఐదు రోజుల్లో లీటరు నూనె. ఇంట్లో నలుగురం.

అక్కడే నిలబడి లెక్క వేశాను. రోజుకు 200 మిల్లీలీటర్లు. మనిషికి 50. తూకంలో 46 గ్రాములు. గ్రాము కొవ్వుకు 9 కెలోరీలు కాబట్టి దాదాపు 410 కెలోరీలు. ఇంకా పళ్లెంలో పెట్టుకున్న అసలు పదార్థం లెక్కలోకి రానే లేదు, ఇది దాని మీద పోసిన నూనె మాత్రమే! మరి నా నడకో? 80 కిలోల పైన ఉన్న మనిషి గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే ఖర్చయ్యేది 280, 300 కెలోరీలు. అందులో 80 దాకా కదలకుండా కూర్చున్నా ఖర్చయ్యేవే. అంటే నడక వల్ల అదనంగా కరిగేది 200 చిల్లర. నడక అయ్యాక నలుగురం కలిసి టీ తాగేవాళ్లం. రెండు చెంచాల పంచదార, పాలు, రెండు బిస్కెట్లు కలిపితే అందులో చాలా భాగం అక్కడే తిరిగి వచ్చేసేది. మీ ఆరు నెలల నడక ఎక్కడికి పోయిందో ఇప్పుడు మీకూ అర్థమై ఉంటుంది.

నూనె విషమని నేను అనడం లేదు. ఒంటికి కొవ్వు కావాలి, కొన్ని విటమిన్లు దానితోనే ఒంటబడతాయి. నేను చూసింది ఎంత పడుతోందన్నది. మా ఇంట్లో ఎవరూ చెంచాతో నూనె పోసేవాళ్లు కాదు. సీసా ఎత్తి వంచడమే. పొయ్యి పక్కనే సీసా, చెయ్యి దానంతటదే వంగుతుంది. నేను చేసిందల్లా సీసాను పై అరలో పెట్టి, పొద్దున్నే వంద మిల్లీలీటర్లు కొలిచి ఒక చిన్న గిన్నెలో పోసి పొయ్యి పక్కన ఉంచడం. ఆ రోజుకు నలుగురికీ అంతే. వంటకాలు మార్చలేదు, ఎవరికీ విడిగా వండలేదు.

అమ్మ మొదటిరోజే "రుచీ పచీ ఉండదురా" అంది. నిజమే, మొదటి వారం కూర గిన్నెకు అంటుకుంది. తర్వాత మా ఆవిడ కిటుకు పట్టింది. గిన్నె బాగా వేడెక్కాక నూనె వేయడం, మూతపెట్టి ఆవిరి మీద మగ్గనివ్వడం, అడుగంటుతుంటే నూనెకు బదులు కాసిని నీళ్లు చిలకరించడం. నేను కూరగాయలు తరగడం నా పనిగా తీసుకున్నాను. బరువు నాది, కష్టమంతా వాళ్లదంటే న్యాయం కాదు కదా. ఈ విషయంలో మగవాళ్లకు ఒక మాట చెప్పాలి. "నాకు డైట్ ఫుడ్ చేసిపెట్టు" అని ఇంట్లోవాళ్లకు రెండో వంట అంటగట్టే డైట్ ఎన్నాళ్లు నడుస్తుంది? వండే మనిషి అలసిపోయిన రోజున అది ఆగిపోతుంది.

లీటరు పది రోజులు రావడం మొదలైంది. మనిషికి రోజుకు 200 కెలోరీలు తగ్గాయి, ఒక్కరికి కూడా ఆకలి తెలియలేదు. టీలో పంచదార ఒక చెంచాకు, ఆ తర్వాత అరకు దించాను. పళ్లెంలో సగం కూరగాయలు వచ్చేలా చూసుకున్నాను. ప్రతి పూటా పప్పుధాన్యాలో గుడ్డో, ఏదో ఒక మాంసకృత్తుల పదార్థం ఉండేది. మాంసకృత్తులుంటే కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంటుంది. ఇంతకంటే పెద్ద రహస్యం నా దగ్గర లేదు. 14 నెలల్లో 88 నుంచి 81కి వచ్చాను. అందులో రెండు నెలలు కాటా కదలనే లేదు. ఒళ్లు తేలికయ్యేకొద్దీ దానికి కావలసిన ఇంధనం కూడా తగ్గుతుంది కాబట్టి మధ్యలో అలా ఆగడం మామూలే. అప్పుడు కంగారుపడి తిండి ఇంకా కోసేయకండి. మూడేళ్లుగా 80 దగ్గర ఉన్నాను. బీపీ మాత్ర డోసు డాక్టరు గారే తగ్గించారు.

మరి నడక ఎందుకు దండగ కాదన్నానంటారా? అమెరికాలో మధుమేహం అంచున ఉన్న 3,234 మంది మీద చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. ఒక గుంపుకు వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం, తిండిలో మార్పు, 7 శాతం బరువు తగ్గాలనే లక్ష్యం ఇచ్చారు. వాళ్లలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన గుంపులో తగ్గింది 31 శాతమే. 80 కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోలు, అంతే. తగ్గిన బరువు మళ్లీ రాకుండా కాపాడేది కూడా ఎక్కువగా వ్యాయామమే. దించే పని వంటిల్లు చేస్తే, నిలబెట్టే పని కాళ్లు చేస్తాయని నా గట్టి నమ్మకం.

పదివేల అడుగుల టెన్షన్ మాత్రం పెట్టుకోకండి. ఆ అంకె 1960లలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పెడోమీటర్ అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది, ఏ వైద్యుడూ కొలిచి చెప్పింది కాదు. ఐదువేలు నడిచేవాళ్లు ఏడువేలు నడిస్తే అదే గొప్ప మేలు. మీరు గంట నడుస్తున్నారు కాబట్టి నడక పెంచమని చెప్పను. వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్గదర్శకాల్లో ఇదే చెప్పింది. జిమ్‌కు వెళ్లక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిహేనుసార్లు లేచి కూర్చోండి, గోడకు చేతులు ఆనించి పుషప్స్ చేయండి. నేను వీటితోనే మొదలుపెట్టాను. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, దాన్ని కాపాడుకోకపోతే నలభై దాటినవాళ్లకు మెట్లెక్కడమే కష్టమవుతుంది.

నిద్ర సంగతి కూడా చూసుకోండి. పొద్దున్నే నడవాలని ఐదు గంటలే పడుకుంటున్నారేమో. నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది, తృప్తినిచ్చేది తగ్గుతుంది. ఐదు గంటలు పడుకుని గంట నడవడం కంటే ఏడు గంటలు పడుకుని అరగంట నడవడం మేలని నేనంటాను.

కాటా వారానికి ఒక్కసారి చాలు, అదే రోజు, అదే వేళ, పొద్దున్నే ఏమీ తినకముందు. ఒక్క రోజులోనే నీళ్లవల్లా ఉప్పువల్లా కిలో, రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది. టేపు తీసుకుని నడుము కూడా కొలవండి. నడుము కొలత మీ ఎత్తులో సగం లోపు ఉండాలన్నది మంచి గుర్తు. కాటా కదలని నెలల్లో కూడా నా బెల్టు ఒక రంధ్రం లోపలికి జరిగింది.

ఎవరైనా కనపడగానే "ఏంటి ఇలా లావైపోయావు?" అనేవాళ్ల గురించి కూడా చెప్పాలి. లావుగా ఉన్న మనిషికి ఆ సంగతి ముందే తెలుసు. అద్దం ఉంది, బట్టలున్నాయి, మోకాళ్లున్నాయి. ఆ మాట విన్న రోజు నేను ఎప్పుడూ తక్కువ తినలేదు, ఎక్కువే తిన్నాను. మీతో ఎవరైనా అలా అంటే పట్టించుకోకండి, మీరు మాత్రం ఇంకొకరిని అనకండి.

ఉన్నట్టుండి బరువు పెరిగినా, స్టెరాయిడ్లలాంటి మందులు వాడుతున్నా, థైరాయిడ్ అనుమానం ఉన్నా ముందు పరీక్ష చేయించుకోండి. షుగర్‌కు మాత్రలో ఇన్సులినో వాడుతుంటే డాక్టరుకు చెప్పకుండా తిండి తగ్గించకండి, షుగర్ మరీ పడిపోవచ్చు.

ఈసారి కొత్త నూనె సీసా తెరిచిన రోజున దాని మీద తేదీ రాయండి. అయిపోయాక ఎన్ని రోజులు వచ్చిందో, ఇంట్లో తినేవాళ్లు ఎంతమందో నాకు చెప్పండి. లెక్క ఇద్దరం కలిసి వేద్దాం.