రోజెన్‌జ్వైగ్ మీద వ్యాసం పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. జర్మనీకి చెందిన యూదు తత్వవేత్త ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ గురించి తెలుగులో రాద్దామని ఒకరికి తోచడమే నాకు సంతోషం. రెండుసార్లు చదివాను. ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. రెండో పేజీలో ఆయన్ని ‘యూదుల ఆదిశంకరుడు’ అన్నావు చూడు, అది కొట్టెయ్.

నీ ఉద్దేశం అర్థమైంది. తెలియని మనిషిని తెలిసిన మనిషి పక్కన కూర్చోబెడితే పాఠకుడికి సులువు అనుకున్నావు. కానీ రోజెన్‌జ్వైగ్ జన్మంతా పోట్లాడింది ‘అంతా ఒక్కటే’ అన్న మాటతోనే కదయ్యా. తొలి గ్రీకుల నుంచి హెగెల్ దాకా తత్వవేత్తలంతా దేవుణ్ణీ, ప్రపంచాన్నీ, మనిషినీ ఏదో ఒకదాంట్లో కలిపేశారని ఆయన ఫిర్యాదు. ఈ మాట అన్నవాడు హెగెల్‌ని చదవనివాడేం కాదు, ఆ హెగెల్ రాజ్యసిద్ధాంతం మీదే రెండు సంపుటాలు రాసినవాడు. మూడూ మూడే, ఏదీ ఇంకోదాంట్లో కరగదు అంటాడు. వాటి మధ్య జరిగేవే సృష్టి, ప్రత్యక్షత (అంటే దేవుడు మనిషికి తనని తెలియజేసుకోవడం), విమోచన. ఒక త్రిభుజం మీద ఇంకోటి తిరగేసి పెడితే వచ్చే ఆరు మొనల చుక్కే ఆయన పుస్తకం పేరు, ‘విమోచన నక్షత్రం’. కష్టమైన పుస్తకం. నేను మొదటి భాగంలోనే మూడుసార్లు చతికిలపడ్డాను, నీకూ అలాగే అయితే సిగ్గుపడకు.

‘మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొన్నారు’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాల్సింది. 1918 ఆగస్టులో మాసిడోనియా వైపు, విమానాల మీద కాల్పులు జరిపే దళంలో ఉండగా ఆ పుస్తకం మొదలైంది. పోస్టుకార్డుల మీద, ఉత్తరాల్లో ముక్కలు ముక్కలుగా రాసి కాసెల్‌లో ఉన్న తల్లికి పంపేవాడు. 1919 ఫిబ్రవరికల్లా పూర్తి చేశాడు. మొదటి మాట ‘మరణం నుంచి’, చివరి మాట ‘జీవితంలోకి’. పుస్తకం మొదట్లోనే, నెత్తి మీద గుండ్లు పేలుతుంటే మట్టిలోకి దూరిన మనిషి ‘నేను, నేను’ అని అరుస్తాడు. తత్వశాస్త్రం వాడి వీపు తట్టి, పోయేది ఒళ్ళే కదా అంటుంది. వాడికి ఆ ఓదార్పు అక్కర్లేదు, బతకాలి. ఈ ఒక్క దృశ్యం పెట్టి ఉంటే నీ మూడు పేజీల సిద్ధాంతం ఒక పేజీకి దిగేది.

ఇక 1913 కథ. జులైలో ఒక రాత్రంతా మిత్రుడు రోజెన్‌స్టాక్‌తో వాదించి, క్రైస్తవం తీసుకోవాలని నిశ్చయించుకోవడం నిజం. అక్టోబరు ఆఖరుకి బంధువుకి రాసిన ఉత్తరంలో ‘కాబట్టి యూదుగానే ఉండిపోతున్నాను’ అనడమూ నిజం. మధ్యలో బెర్లిన్‌లో యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ ప్రార్థనకి వెళ్ళి, మారిన మనిషిగా బయటికొచ్చాడన్నది మాత్రం తర్వాతివాళ్ళు చెప్పిన కథ, పరిశోధకులు దాన్ని గట్టిగానే ప్రశ్నించారు. నువ్వేమో ఆ గుడి లోపల ఆయన కంట నీళ్ళు కూడా చూశావు. ఎక్కడ నిలబడి చూశావు? అందమైన సంఘటన దొరికితే నాకూ చేతులు ఆగవు. ‘అని చెబుతారు’ అన్న రెండు మాటలు చేర్చు, పరువు దక్కుతుంది.

1920లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెద్దవాళ్ళ కోసం స్వేచ్ఛా యూదు విద్యాలయం నడపడం, గురువు మైనెకె చూపించిన యూనివర్సిటీ దారి వద్దనడం బాగానే రాశావు.

జబ్బు దగ్గర మాత్రం ‘విధి వెక్కిరించింది’ అన్నావు. తీసెయ్. 1922లో ఏఎల్ఎస్ అని, అంటే కండరాలు క్రమంగా చచ్చుబడే నరాల జబ్బని తేలింది. కొడుకు పుట్టిందీ ఆ ఏడాదే. క్రమంగా చెయ్యీ, మాటా రెండూ పోయాయి. చివరికి ఆయన ఒక అక్షరం సూచిస్తే, భార్య ఎడిత్ మాట ఊహించి చెప్పేది. అవునంటే టైప్ చేసేది, కాదంటే మళ్ళీ మొదలు. ఈ పద్ధతిలోనే మరో యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్‌తో కలిసి హీబ్రూ బైబిలుని జర్మన్‌లోకి తెచ్చే పని చేశాడు. వాక్యాన్ని ఊపిరి ఆగే చోట విరవాలని వాళ్ళ పట్టుదల. దేవుడి పేరుకి పాత జర్మన్ అనువాదంలో ఉన్న ‘నిత్యుడు’ అన్న మాట ఆయనకి నచ్చలేదు. మండే పొదలోంచి దేవుడు పిలిచినప్పుడు మోషేకి కావాల్సింది నిత్యత్వం గురించి పాఠం కాదు, పక్కన ఉంటానన్న మాట అంటాడు. మన తెలుగు బైబిలు అక్కడ ‘ఉన్నవాడను’ అంది. ‘ఉన్నవాడు’కీ, ‘నీతో ఉన్నాను’కీ ఎంత తేడా ఉందో ఓ పూట కూర్చుని ఆలోచించు. నీ వ్యాసానికి అసలు ద్వారం అదేనేమో.

ఆలోచించడం ఒంటరి పని, మాట్లాడ్డానికి మాత్రం అవతల మనిషి కావాలి అనేవాడు. అవతలివాడు ఏమంటాడో ముందు తెలియదు కాబట్టి, నేను ఏమనబోతున్నానో నాకూ తెలియదట. నీ వ్యాసంలో లోపించింది ఇదే. అన్నీ తెలిసి, ఎవరికీ కాకుండా రాశావు. మీ ఊళ్ళో ఈ పేరు ఎన్నడూ వినని ఒక మనిషిని తలుచుకుని, వాళ్ళకి ఉత్తరం రాస్తున్నట్టు మళ్ళీ రాయి. ఎక్కడ అడ్డుపడి ‘అంటే?’ అంటారో నీకే తెలుస్తుంది.

ముగింపులో పెట్టిన ‘ఆ మహామనీషి భౌతికంగా లేకపోయినా’ పేరా కూడా వద్దు. 1929 డిసెంబరు 9న ఆయన బూబర్‌కి ఉత్తరం చెబుతున్నాడు, ఒక్కో అక్షరం. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం దేవుడు నిజంగా నిద్రలో చూపించాడు, అదిప్పుడు చెబుతున్నాను అన్నంత వరకూ వచ్చింది. ఈలోగా డాక్టరు వచ్చాడు. ఉత్తరం పక్కన పెట్టారు. ఆ రాత్రే ఆయన పోయాడు, 43వ పుట్టినరోజు ఇంకో పదిహేను రోజుల్లో ఉండగా. ఆ వాక్యం ఇప్పటికీ అక్కడే ఆగి ఉంది.

తిరగరాసి పంపు. తొందరేం లేదు.

మీ అన్నయ్య