ఎప్పుడూ ఆన్‌లైన్‌లోనే బతికే లోకం మీద వచ్చే డిస్టోపియా నవలలు, అంటే రేపటి లోకం ఎంత చెడిపోద్దో చూపించేవి, టీనేజ్ పిల్లలకి ఇవ్వొచ్చా, భయపడరా?

కాస్త భయపడితే మంచిదేలే అనుకుని నేనే ఇచ్చా, పోయిన దసరా సెలవుల్లో మా మేనకోడలికి, పదో క్లాసు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 150కి దొరికింది, ఎం.టి. ఆండర్సన్ 'ఫీడ్'. 2002లో వచ్చింది, అంటే ఫేస్‌బుక్ కన్నా రెండేళ్లు, ఐఫోన్ కన్నా ఐదేళ్లు ముందే. అందులో చేతిలో ఫోనే ఉండదు, అంతా బుర్రలో పెట్టిన చిప్పులోనే, దాని పేరే ఫీడ్, చాటింగూ యాడ్సూ తలకాయలోనే మోగుతుంటాయి. ఒంటి మీద పుండ్లు లేస్తే అదీ ఫ్యాషనే.

నాకైతే ఈ టైపు నవలల్లో దుర్మార్గపు ప్రభుత్వం, దాని మీద ఓ పదహారేళ్ల పిల్ల తిరుగుబాటు, ఇవి అస్సలు నమ్మబుద్ధి కావు. మనల్ని ఎవడు బలవంతపెట్టాడండీ, అన్నిటికీ మనమే ఓకే నొక్కాం. మొన్న మా అత్తగారు ఊరి నుంచి వస్తే, నేను అపార్ట్‌మెంట్ గేటు యాప్‌లో ఓకే కొట్టలేదని గేటు దగ్గర పది నిమిషాలు ఎండలో నిలబెట్టారు, వాచ్‌మన్‌కి ఆవిడ మూడేళ్లుగా తెలుసు! పిల్లల్ని ఫోన్ ముట్టనివ్వకండి అని మీటింగ్ పెట్టి చెప్పే స్కూలే రాత్రి తొమ్మిదిన్నరకి హోంవర్క్ పీడీఎఫ్ పంపుద్ది, అది ఇంకో కథ.

సరే, మా పిల్లకి ఆ నవల్లో బాగా నచ్చింది వయొలెట్ అనే అమ్మాయి. తను ఏం కొంటుందో అని కంపెనీ వాళ్లు కట్టే లెక్క తప్పాలని మాల్‌లో సంబంధం లేని వస్తువులన్నీ అడుగుద్ది, ఏదీ కొనదు. ఇది చదివి, "మామా, నీ ఫోన్ ఓసారి ఇయ్యి" అంది. తన ఫోన్ కాదు చూడండి, నాది. కూర్చుని బర్రెల దాణా, బోరు మోటరు, పళ్ల సెట్టు, పెళ్లి షేర్వాణీ అన్నీ వెతికింది, ఎక్కడో ధర కోసం నా నంబరు కూడా కొట్టింది. తెల్లారి అమీర్‌పేట మెట్రోలో జనం మధ్య ఇరుక్కుని ఉన్నా, ఫోను. "సార్, బోరు ఎన్ని ఫీట్లు?" మాది నాలుగో ఫ్లోరు ఫ్లాటండీ అన్నా. "సింగిల్ ఫేజా, త్రీ ఫేజా సార్?" ఇంట్లోనేమో మా ఆవిడ, షేర్వాణీ ఎవరికి అని.

ఇక్కడ కథ చెప్పేస్తున్నా, చదవబోయేవాళ్లు వదిలేయండి. వయొలెట్ ఫీడ్ పాడైపోద్ది, ప్రాణం మీదకొస్తది. రిపేరుకి డబ్బులు పెట్టమని కంపెనీల్ని అడిగితే, నువ్వు ఏం కొంటావో మాకు అంతుబట్టట్లేదు, నీ మీద పెట్టలేం అంటారు. ఆ రోజు రాత్రి మా పిల్ల అన్నం కూడా సగమే తిని లేచింది. పడుకునే ముందు వచ్చి మళ్లీ నా ఫోన్ తీసుకుని షూస్, టీషర్టులు, ఇయర్‌ఫోన్స్ అని వరసపెట్టి వెతుకుతోంది.

ఏందే ఇది అంటే, "ఏమో మామా, నువ్వు మామూలు మనిషి లెక్క కనబడాలె" అంది.

బోరాయన మాత్రం ఇంకా చేస్తూనే ఉన్నాడు.