ఒకే ప్రజాతి, వేరు వేరు తిండి

ప్రశ్న: పొడవు చెవుల గుడ్లగూబ, పొట్టి చెవుల గుడ్లగూబ చలికాలంలో ఒకే తిండి తింటాయా? అవి ఉమ్మేసే ఉండలను (జీర్ణం కాని బొచ్చు, ఎముకల ముద్దలను) బట్టి పోల్చడం ఎలా?

జవాబు: రెండూ ఆసియో ప్రజాతివే. బరువూ దాదాపు ఒకటే, 300 గ్రాములకు అటూ ఇటూ. యూరప్‌లో రెండింటికీ ముఖ్యాహారం వోల్‌లే, అంటే ఎలుకను పోలిన, పొట్టి తోక ఉన్న చిన్న జీవులు. అవి తగ్గినప్పుడే తేడా బయటపడుతుంది. పొడవు చెవులది పగలు దట్టమైన చెట్లలో గుంపుగా నిద్రపోయి, ఎక్కువగా చీకటి పడ్డాకే వేటకు దిగుతుంది. అందుకే దాని ఉండల్లో పొదల అంచున తిరిగే వుడ్‌మౌస్‌లు (ఒక రకం అడవి చిట్టెలుకలు), కొమ్మల మీద నిద్రించే చిన్న పిట్టలు కనిపిస్తాయి. మంచు దట్టంగా పడి వోల్‌లు దాని కిందికి చేరితే పిట్టల వాటా పెరుగుతుంది. పొట్టి చెవులది గడ్డినేలల్లో, చిత్తడి నేలల్లో పగటి వెలుగులోనూ వేటాడుతుంది. వోల్‌లు తగ్గితే చాలాసార్లు ఆ చోటే వదిలి వెళ్లిపోతుంది. తీరప్రాంతాల్లో నీటి ఒడ్డు పక్షులనూ పడుతుంది. కాబట్టి ఒక ప్రాంతం నుంచి, ఒకే నెలలో ఏరిన ఉండలనే పోల్చండి. లేకపోతే మీకు కనిపించేది జాతుల తేడా కాదు, ఎరల లభ్యతలో తేడా.

పక్షులు వేటకు వెళ్లాకే ఏరండి. చలికాలంలో వాటిని లేపి ఎగరగొడితే దాచుకున్న శక్తి వృథా అవుతుంది. ముందొకసారి పాత ఉండలు తీసేసి, ఆ తర్వాత పడ్డవే తీసుకుంటే నెల తేలుతుంది. సంచిలో మూసి కొన్ని రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే బొచ్చు తినే చిమ్మట పురుగులు చస్తాయి. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో గంట నానబెట్టి, గ్లవ్స్ వేసుకుని పట్టకారుతో బొచ్చు విడదీయాలి. పుర్రెలు, ఎడమ దవడలు, కుడి దవడలు వేరు వేరుగా లెక్కించండి. పుర్రెలు 3, ఎడమవి 5, కుడివి 4 వస్తే కనీసం 5 జంతువులన్నమాట. ఒకే ఎర ఎముకలు రెండు ఉండల్లో పంచుకుని రావచ్చు, అందుకే కుప్ప మొత్తానికి కలిపి లెక్క వేయాలి. దంతాల నమలే తలం మీద త్రికోణాల వంకర గీతలుంటే వోల్, గుండ్రటి బుడిపెలుంటే ఎలుక. దంతాల మొనలు ఎర్రగా ఉంటే సోరెక్స్ వంటి ప్రజాతుల ష్రూ, అంటే పురుగులు తినే, ఎలుకలా కనిపించే చిన్న జంతువు.

సంఖ్యతో ఆగకండి, ఎరల బరువు కూడా లెక్క వేయండి. 20 గ్రాముల వోల్‌లు పది కలిస్తే 200 గ్రాములు. 8 గ్రాముల ష్రూలు పది కలిసినా 80 గ్రాములే.

ప్రశ్న: గడ్డినేలలో దొరికిన కొన్ని ఉండల్లో బొచ్చే ఉంది, ఎముకలు దాదాపు లేవు. ఎందుకు?

జవాబు: అవి హారియర్ గద్దలవి కావచ్చు. అవీ గడ్డిలో నేల మీదే నిద్రిస్తాయి, ఒక్కోసారి ఈ గుడ్లగూబల పక్కనే. గద్దల జీర్ణరసాల ఆమ్లం గాఢం, ఎముకలు చాలావరకు కరిగిపోతాయి. అలాంటివి పక్కన పెట్టేయండి. వానకు తడిసి చెదిరిన ఉండలనూ లెక్కలో కలపొద్దు.